లెడ్ అయోడైడ్ లెక్క రెండుసార్లు చేశా, రెండుసార్లూ అవక్షేపం వచ్చింది, కీలో మాత్రం రాదంటున్నారు

బైపీసీ_చివరిబెంచి

అందరికీ నమస్తే. ఇంటర్ ఫస్టియర్ బైపీసీ చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు పాఠం ఇంగ్లీషులో విని, తెలుగులో అర్థం చేసుకుని, మళ్ళీ ఇంగ్లీషులో రాయాలి, అదొక బాధ. మిగతా చాప్టర్లు ఎలాగోలా నెట్టుకొచ్చాను కానీ రసాయన సమతాస్థితి దగ్గర బండి ఆగిపోయింది. సూత్రాలు రావని కాదు, అన్నీ గడగడా అప్పజెప్తాను, లెక్కలో పెట్టేసరికి జవాబు ఇంకేదో వస్తుంది. క్లాసులో అడిగితే ఫార్ములా రాసుకుని విలువలు వెయ్యమన్నారు. చేస్తున్నది అదే కదా!

మూడు లెక్కలు పెడుతున్నా, ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి ప్లీజ్.

మొదటిది. సిల్వర్ క్లోరైడ్ కేఎస్పీ 1.8 × 10⁻¹⁰, సిల్వర్ క్రోమేట్ కేఎస్పీ 1.1 × 10⁻¹². నీళ్ళలో దేని ద్రావణీయత ఎక్కువ అని అడిగారు. కేఎస్పీ అంటేనే ద్రావణీయతా లబ్ధం, క్లోరైడ్‌కి ఎక్కువుంది కాబట్టి క్లోరైడ్ అని పెట్టాను. కీలో క్రోమేట్ అని ఉంది. ప్రింటింగ్ మిస్టేకా?

రెండోది. 0.003 మోలార్ లెడ్ నైట్రేట్ 100 మిల్లీలీటర్లకి 0.003 మోలార్ పొటాషియం అయోడైడ్ 200 మిల్లీలీటర్లు కలిపితే లెడ్ అయోడైడ్ అవక్షేపం వస్తుందా రాదా? కేఎస్పీ 7.1 × 10⁻⁹ ఇచ్చారు. నేను 0.003 ని 0.003 వర్గంతో గుణిస్తే 2.7 × 10⁻⁸ వచ్చింది, కేఎస్పీ కన్నా ఎక్కువ కాబట్టి వస్తుంది అన్నాను. తప్పు. మా ఫ్రెండు రెండూ కలిస్తే 300 మిల్లీలీటర్లు అవుతుంది, గాఢత తగ్గుతుంది కదా అంది. సరేనని మళ్ళీ చేశాను. లెడ్ 0.001, అయోడైడ్ 0.002. అయోడైడ్‌లు రెండు కాబట్టి 2 × 0.002, దాని వర్గం, ఇంటూ 0.001, మొత్తం 1.6 × 10⁻⁸. మళ్ళీ ఎక్కువే! కీలో రాదు అని ఉంది.

మూడోది. 25 డిగ్రీల దగ్గర డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ విడిపోయి నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది, సమతాస్థితి స్థిరాంకం కేసీ 4.6 × 10⁻³, మొదట టెట్రాక్సైడ్ 0.04 మోలార్ ఉంది, సమతాస్థితిలో డయాక్సైడ్ ఎంత? విడిపోయింది ఎక్స్ అనుకుని, 0.04 పక్కన ఎక్స్ చిన్నది కాబట్టి వదిలేసి చేశాను, 0.0136 వచ్చింది. కీలో 0.0125.

ఈ లెక్కల మీద టెన్షన్‌తో రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు, నవ్వకండి.

పాత_పిప్పెట్టు

నవ్వడానికేం లేదమ్మా. జూనియర్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఇదే చాప్టర్ చెప్పాను, నువ్వు చేసిన ఆ రెండో తప్పు ప్రతి సంవత్సరం ప్రతి సెక్షన్‌లో చూశాను. బాగా చదివే పిల్లలే చేస్తారు, ఎందుకంటే చదవని వాడికి ఆ 2 గుర్తే ఉండదు.

మిగతావి తరవాత, ముందు రెండోదే పట్టుకుందాం. పెన్ను పక్కన పెట్టి బీకర్ వంక చూడు. మొదట ఒక బీకర్‌లో లెడ్, నైట్రేట్. ఇంకో బీకర్‌లో పొటాషియం, అయోడైడ్. రెండూ ఒకదాంట్లో పోశావు. ఇప్పుడు అందులో ఏమేం ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి, ఇది రాసుకున్నాకే కేఎస్పీ జోలికి వెళ్ళాలి. లెడ్ 100లో ఉన్నది 300లోకి పరుచుకుంది, మూడో వంతు, 0.001. అయోడైడ్ 200లో ఉన్నది 300లోకి, మూడింట రెండు వంతులు, 0.002. మీ ఫ్రెండు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు.

ఇప్పుడు అసలు విషయం. అయోడైడ్ 0.002 ఉంది అని నువ్వే రాశావు. ఉన్నది ఉన్నట్టు తీసుకోవాలి కదా, మళ్ళీ రెండుతో ఎందుకు గుణించావు? లెడ్ అయోడైడ్‌లో అయోడైడ్‌లు రెండు కాబట్టి అంటావు. సరే, కానీ ఈ 0.002 లెడ్ అయోడైడ్ కరిగితే వచ్చింది కాదు, పొటాషియం అయోడైడ్ సీసాలోంచి వచ్చింది. అక్కడ ఒక పొటాషియంకి ఒకటే అయోడైడ్. నీళ్ళలో పడ్డాక అయోడైడ్‌కి తను ఎక్కణ్ణుంచి వచ్చిందో గుర్తుండదు, లెక్కకు కావలసింది ఇప్పుడు ఎంత ఉంది అన్నదొక్కటే.

లెడ్ అయోడైడ్ కేఎస్పీ అంటే లెడ్ గాఢత ఇంటూ అయోడైడ్ గాఢత వర్గం. పైన ఘాతంగా ఉన్న 2 ఎప్పుడూ ఉంటుంది, దాన్ని కదపడానికి లేదు. 2ఎస్‌లో ముందున్న 2 వేరే జాతి. ఉత్త నీళ్ళలో గట్టి లెడ్ అయోడైడ్ పొడి వేసి అది కరిగినప్పుడు, లీటరుకు ఎస్ మోల్స్ కరిగితే (ఎస్ అంటే ద్రావణీయత) లెడ్ ఎస్, అయోడైడ్ 2ఎస్ వస్తుంది. అప్పుడు మాత్రమే ఆ 2 పుడుతుంది. అందుకే అక్కడ ఎస్ ఇంటూ 2ఎస్ వర్గం, 4ఎస్³. నువ్వు 4ఎస్³ ని బట్టీ కొట్టావు కాబట్టి ఆ 4 ఎక్కడ పడితే అక్కడ దూరిపోతోంది.

కాబట్టి ఇక్కడ 0.001 ఇంటూ 0.002 వర్గం, 4 × 10⁻⁹. ఇచ్చిన కేఎస్పీ 7.1 × 10⁻⁹. తక్కువే, అవక్షేపం రాదు. ఈ లెక్క తయారుచేసినవాడు గడుసువాడు, నీళ్ళు పలచనవడం మర్చిపోయినా వస్తుందని తేలుతుంది, 2 రెండుసార్లు వేసినా వస్తుందని తేలుతుంది, రెండూ సరిగ్గా చేస్తేనే రాదు.

కాలేజీలో ల్యాబ్ ఉంటే ఒకసారి ఎక్కువ గాఢత తీసుకుని కలిపి చూపించమని అడుగు. చిలకపచ్చ కాదు, మామూలు పసుపు కాదు, నిగనిగలాడే గుమ్మడిపువ్వు పసుపు. ఆ పరీక్షనాళికని నీళ్ళు పోసి వేడిచేస్తే రంగు పోయి తేటగా అవుతుంది, స్టాండులో పెట్టి చల్లారనిస్తే బంగారు రేకుల్లా మళ్ళీ రాలుతుంది. వేడికి ద్రావణీయత పెరుగుతుందని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కనిది, అది చూశాక మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

టెస్ట్‌సిరీస్_తమ్ముడు

సార్ బాగా చెప్పారు కానీ ఎంట్రన్స్ పరీక్షలో బీకర్ వంక చూసే టైమ్ ఎక్కడుంది 😅 అక్కా, మొదటి ప్రశ్నకి పది సెకన్ల ట్రిక్ చెప్తా. పది పైన ఉన్న మైనస్ పవర్‌ని ఆ లవణం ఎన్ని అయాన్లిస్తుందో దాంతో భాగించు. సిల్వర్ క్లోరైడ్ రెండు అయాన్లు, 10⁻¹⁰, పదిని రెండుతో భాగిస్తే అయిదు, సుమారు 10⁻⁵. సిల్వర్ క్రోమేట్ మూడు అయాన్లు (సిల్వర్ రెండు, క్రోమేట్ ఒకటి), 10⁻¹², పన్నెండుని మూడుతో భాగిస్తే నాలుగు, సుమారు 10⁻⁴. 10⁻⁴ పెద్దది, క్రోమేట్, అయిపోయింది. కీ తప్పు కాదు.

ఇంకా కేఎస్పీ, అయాన్లు 1:1 అయితే ఎస్², 1:2 అయితే 4ఎస్³, 1:3 అయితే 27ఎస్⁴, 2:3 అయితే 108ఎస్⁵. ఈ నాలుగూ గోడ మీద అంటించుకో, కేఎస్పీలో ఏదొచ్చినా కొట్టేయొచ్చు.

పాత_పిప్పెట్టు

తమ్ముడూ, ట్రిక్ బాగుంది, మొదటిదానికి సరిపోతుంది, కాదనను. కానీ ఏదొచ్చినా కొట్టేయొచ్చు అన్నావు చూడు, అక్కడ ఒక్క నిమిషం ఆగు. ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ కేఎస్పీ 1 × 10⁻³⁸. ఉత్త నీళ్ళలో దాని ద్రావణీయత ఎంత? గోడ మీద చూసి చెప్పు.

టెస్ట్‌సిరీస్_తమ్ముడు

1:3 కదా సార్. 27ఎస్⁴ = 10⁻³⁸. ఎస్ సుమారు 1.4 × 10⁻¹⁰. ఈజీ.

పాత_పిప్పెట్టు

అంటే హైడ్రాక్సైడ్ 3ఎస్, దగ్గర దగ్గర 4 × 10⁻¹⁰ మోలార్. ఉత్త నీళ్ళలో, ఏమీ వెయ్యకముందే, 25 డిగ్రీల దగ్గర హైడ్రాక్సైడ్ ఎంతుంటుంది? 10⁻⁷. అంటే హైడ్రాక్సైడ్ ఉన్న లవణం వేస్తే నీళ్ళలో హైడ్రాక్సైడ్ తగ్గిపోయిందన్నమాట, ద్రావణం ఆమ్లమైపోయింది! ఎక్కడైనా ఉందా ఈ వింత?

ఇక్కడ హైడ్రాక్సైడ్ అంతా నీళ్ళదే, లవణం ఇచ్చేది లెక్కలోకి రాదు. కాబట్టి ఎస్ ఇంటూ 10⁻⁷ ఘనం = 10⁻³⁸, ఎస్ = 10⁻¹⁷. నీ జవాబుకీ దీనికీ కోటి రెట్లకు పైగా తేడా. సూత్రం తప్పు కాదు, ఆ 3ఎస్ రాసే ముందు నీళ్ళలో అప్పటికే ఏముందో నువ్వు అడగలేదు. నేను అమ్మాయికి చెప్పిందీ ఇదే.

టెస్ట్‌సిరీస్_తమ్ముడు

సార్ 🙏 మా మెటీరియల్‌లో 27ఎస్⁴ తోనే చేసిన లెక్క ఒకటుంది, ఇప్పుడే వెళ్ళి కొట్టేస్తా.

నీళ్ళపరీక్ష_అక్క

అమ్మాయ్, నువ్వు మొదటి లెక్కలో రాసిన ఆ రెండు లవణాలూ నాకు రోజూ పని. నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో చేస్తాను, పల్లెల నుంచి బోరు నీళ్ళ సీసాలు వస్తాయి, ప్రతి సీసాకీ క్లోరైడ్ ఎంతుందో చూడాలి. శంకు కుప్పెలో నీళ్ళు తీసుకుని కాస్త పొటాషియం క్రోమేట్ వేస్తే నిమ్మపండు రంగు వస్తుంది. పైన బ్యూరెట్‌లో సిల్వర్ నైట్రేట్. చుక్క పడగానే ఆ పడ్డ చోట ఎర్రగా మెరుస్తుంది (అది సిల్వర్ క్రోమేట్), కుప్పె తిప్పగానే మాయమై తెల్లగా పాలవిరుగులా అవుతుంది (ఇది సిల్వర్ క్లోరైడ్). అలా తెల్లదనం పెరుగుతూ పెరుగుతూ ఒక చుక్క దగ్గర ఆ ఎరుపు ఎంత తిప్పినా పోదు, పసుపు కాస్తా ఇటుకపొడి ఛాయకి తిరుగుతుంది. అక్కడ ఆపాలి. అర చుక్క ఎక్కువైనా నాకు కోపం వస్తుంది, ఎందుకంటే మళ్ళీ మొదటి నుంచి. (సిల్వర్ నైట్రేట్ వేళ్ళ మీద పడితే నల్ల మచ్చలు, పెళ్ళికి గోరింటాకు పెట్టుకుని వెళ్ళినా పక్కనే ఇవి కనపడతాయి.)

ఇప్పుడు నీ జవాబు నిజమైతే, అంటే ఉత్త కేఎస్పీలు చూసి చిన్నది ముందు పడుతుంది అనుకుంటే, క్రోమేట్ ముందు ఎర్రగా పడాలి, ఈ పరీక్ష పనిచేయకూడదు. పనిచేస్తోంది కదా. ఎందుకో లెక్క చూడు. కుప్పెలో క్లోరైడ్ 0.01 మోలార్, క్రోమేట్ 0.005 మోలార్ ఉన్నాయనుకో. సిల్వర్ క్లోరైడ్ పడటం మొదలవ్వాలంటే సిల్వర్ ఎంత కావాలి? 1.8 × 10⁻¹⁰ ని 0.01 తో భాగించు, 1.8 × 10⁻⁸. క్రోమేట్ పడాలంటే? ఇక్కడ సిల్వర్ గాఢతకే వర్గం. 1.1 × 10⁻¹² ని 0.005 తో భాగిస్తే 2.2 × 10⁻¹⁰, దాని వర్గమూలం సుమారు 1.5 × 10⁻⁵. అంటే క్రోమేట్‌కి దాదాపు ఎనిమిది వందల రెట్లు ఎక్కువ సిల్వర్ కావాలి. అందుకే క్లోరైడ్ ముందు పడుతుంది.

నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేసేది ఇంకొకటి. ఎరుపు మొదలయ్యే క్షణంలో సిల్వర్ 1.5 × 10⁻⁵ ఉంటే క్లోరైడ్ ఎంత మిగిలి ఉంటుంది? 1.8 × 10⁻¹⁰ ని దాంతో భాగిస్తే 1.2 × 10⁻⁵. మొదలు పెట్టిన 0.01 లో వెయ్యిలో ఒక వంతు. అంటే క్లోరైడ్ అంతా అయిపోయాకే ఎరుపు వస్తోంది. ఇద్దరు మనుషులు మాట్లాడుకుని వరస తప్పకుండా వచ్చినట్టు ఉంటుంది.

ఉత్త నీళ్ళలో ద్రావణీయత కూడా వేసుకో. క్లోరైడ్‌కి వర్గమూలం, 1.34 × 10⁻⁵. క్రోమేట్‌కి 1.1 ని 4 తో భాగిస్తే 0.275 × 10⁻¹², దాని ఘనమూలం 0.65 × 10⁻⁴, అంటే 6.5 × 10⁻⁵. క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఘాతం మూడుతో భాగింపబడేట్టు మార్చుకుని చెయ్యాలి, ఇక్కడ 12 ఉంది, అదృష్టం. దాదాపు అయిదు రెట్లు. కేఎస్పీలు నేరుగా పోల్చొచ్చు, కానీ రెండు లవణాలూ ఒకే రకంగా విడిపోతేనే. సిల్వర్ క్లోరైడ్‌ని సిల్వర్ బ్రోమైడ్‌తో పోల్చు, ఇబ్బంది లేదు.

బైపీసీ_చివరిబెంచి

అక్కా, సార్, చాలా థాంక్స్. ఆ రెండో 2 సంగతి ఇప్పుడు తలకెక్కింది, ఇన్నాళ్ళూ రెండూ ఒకటే 2 అనుకున్నా. అక్కా ఒక డౌట్, మాది నల్లగొండ వైపు. మా తాతయ్యకి ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల మోకాళ్ళు వంగవు, పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. పుస్తకంలో కాల్షియం ఫ్లోరైడ్ కరగనిది అని చదివాను. కరగనిదైతే నీళ్ళలోకి ఎలా వచ్చింది?

నీళ్ళపరీక్ష_అక్క

కరగనిది అన్న మాట కెమిస్ట్రీలో సగం అబద్ధం అమ్మా. తక్కువగా కరిగేది అనాలి. ఆ తక్కువే మనిషికి ఎక్కువ కావచ్చు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండాలని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని మన దేశపు ప్రమాణం. 1.5 మిల్లీగ్రాములంటే మోలార్‌లో 8 × 10⁻⁵ కూడా ఉండదు.

కాల్షియం ఫ్లోరైడ్ కేఎస్పీ 3.5 × 10⁻¹¹ తీసుకుంటున్నా. పుస్తకానికీ పుస్తకానికీ ఈ విలువ బాగా మారుతుంది, పరీక్షలో వాళ్ళు ఏదిస్తే అదే వాడు, వాదన పెట్టుకోకు. బోరు నీళ్ళలో కాల్షియం లీటరుకు 40 మిల్లీగ్రాములుంటే 0.001 మోలార్. ఇప్పుడు ఫ్లోరైడ్ ఎంత దాకా నిలబడగలదు? 3.5 × 10⁻¹¹ ని 0.001 తో భాగించు, 3.5 × 10⁻⁸, వర్గమూలం 1.87 × 10⁻⁴, దాన్ని 19 తో గుణిస్తే లీటరుకు సుమారు 3.5 మిల్లీగ్రాములు. అదే కాల్షియం 10 మిల్లీగ్రాములే ఉంటే? చేసి చూడు, 7 దాటుతుంది. గమనించావా, సార్ చెప్పినట్టే ఇక్కడా 4ఎస్³ లేదు, కాల్షియం వేరే చోటి నుంచి కూడా వచ్చింది కాబట్టి.

మీ వైపు గ్రానైటు రాయి. ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఆ రాయిలోనే ఉంటాయి, నీళ్ళు ఏళ్ళ తరబడి వాటిని నానబెడుతూ ఉంటాయి. పైగా ఆ నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ ఉంటే కాల్షియం కాస్తా సున్నపురాయిగా పడిపోతుంది. కాల్షియం తగ్గితే ఫ్లోరైడ్‌ని పట్టి ఉంచేవాడు తగ్గినట్టే, అది ఇంకా పెరుగుతుంది. ఇది పుస్తకంలో ఉమ్మడి అయాన్ ప్రభావం అని చదివేదే, తిరగేసి చూడాలి.

మరి బోరులో సున్నం పోస్తే సరిపోదా అని మా దగ్గరికి వచ్చే సర్పంచులు అడుగుతారు. అదే లెక్క చూడు, కాల్షియం 40 నుంచి 160కి, నాలుగింతలు చేశావు, ఫ్లోరైడ్ 3.5 నుంచి 1.8కే దిగింది. వర్గమూలం కాబట్టి నాలుగింతలకి సగం. ఇంకా తగ్గించాలంటే ఇంకా నాలుగింతలు పోయాలి, అప్పుడు ఆ నీళ్ళు ఎవరు తాగుతారు? నాగపూర్‌లోని నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళు తీసుకొచ్చిన నల్లగొండ పద్ధతి పేరు వినే ఉంటావు, మీ ఊరి పేరే. అందులో సున్నంతో పాటు పటిక వేస్తారు. అసలు పని పటికదే, అది నీళ్ళలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ తుంపుల్లా తేలి ఫ్లోరైడ్‌ని తనకి అంటించుకుని కిందకి దిగుతుంది. సున్నం నీళ్ళు ఆమ్లం వైపు పోకుండా చూస్తుంది. బ్లీచింగ్ పౌడర్ క్రిములకి.

తాతయ్యగారికి ఇప్పుడు తాగేది బోరు నీళ్ళు కాదు కదా? అది చూసుకో.

బైపీసీ_చివరిబెంచి

కాదక్కా, ఇప్పుడు ఇంటికి నల్లా వస్తుంది, నది నీళ్ళు. బోరు నీళ్ళు బట్టలకీ గేదెలకీ.

ఫార్మా_నైట్‌షిఫ్ట్

మూడో లెక్క ఎవరూ ముట్టుకోలేదు, నేను తీసుకుంటా. డ్యూటీలో ఉన్నా, మిషన్ రన్ అయ్యేదాకా ఖాళీ.

ఎక్స్ చిన్నది అని నీకెవరు చెప్పారు? అడిగి చూశావా? మొదట టెట్రాక్సైడ్ 0.04, డయాక్సైడ్ సున్నా. ఎక్స్ విడిపోతే టెట్రాక్సైడ్ 0.04 − ఎక్స్, డయాక్సైడ్ 2ఎక్స్. కేసీ అంటే 2ఎక్స్ వర్గం బై (0.04 − ఎక్స్). ఇక్కడి దాకా నువ్వూ చేసి ఉంటావు. కింద ఎక్స్ వదిలేస్తే 4ఎక్స్² = 0.04 × 0.0046, ఎక్స్ = 0.0068. సరే వచ్చింది, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడాలి, 0.04 లో 0.0068 ఎంత శాతం? 17. నూటికి 17 ని ఏమీ లేదు అని వదిలేస్తే జీతంలో ఎవరైనా ఊరుకుంటారా? 5 శాతం లోపుంటే వదలొచ్చు అని సాధారణంగా పెట్టుకునే హద్దు. మొదలుపెట్టే ముందే పసిగట్టాలంటే మొదటి గాఢతని కేసీతో భాగించి చూడు, కొన్ని వందలు వస్తే ధైర్యంగా వదిలెయ్, ఇక్కడ తొమ్మిది కూడా రాలేదు.

పద్ధతిగా అయితే వర్గ సమీకరణం. 4ఎక్స్² + 0.0046ఎక్స్ − 0.000184 = 0. చేస్తే ఎక్స్ 0.00623, డయాక్సైడ్ దానికి రెట్టింపు, 0.0125. కీ కరెక్టే.

నేనైతే క్యాలిక్యులేటర్ ఉన్నచోట ఇలా చేస్తా. తప్పు ఎక్స్ వచ్చింది కదా, 0.0068, దాన్నే కింద పెట్టు. 0.04 − 0.0068 = 0.0332. మళ్ళీ చెయ్యి, ఎక్స్ 0.00618 వస్తుంది. దాన్ని మళ్ళీ కింద పెట్టు, 0.00624. మళ్ళీ, 0.00623. ఇంక కదలదు. బావిలో చేద అటూ ఇటూ ఊగి ఊగి నిలబడ్డట్టు. పరీక్షలో చేతితో అయితే వర్గ సమీకరణమే మంచిది, ఇది నా బద్ధకం.

అన్నట్టు కేఎస్పీ లెక్కల్లో ఇదే పని నువ్వు భయపడకుండా చేస్తావు. 0.1 మోలార్ ఉప్పునీళ్ళలో సిల్వర్ క్లోరైడ్ ఎంత కరుగుతుంది అంటే ఎస్ ఇంటూ (0.1 + ఎస్), అక్కడ ఎస్ వదిలేస్తావు, 1.8 × 10⁻⁹ వస్తుంది. 0.1 పక్కన అది సముద్రంలో కాకిరెట్ట, వదలొచ్చు. రెండు చోట్లా వదిలేశావు, ఒక చోట చెల్లింది, ఒక చోట చెల్లలేదు. తేడా చూసుకోలేదు, అంతే.

బైపీసీ_చివరిబెంచి

థాంక్స్ అన్నా. జీతం పోలిక బాగుంది 😄 సరే, ఇప్పుడు నా అంతట నేను ఒకటి చేశాను, ఎవరి సాయం లేకుండా, చూడండి. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కేఎస్పీ 1.8 × 10⁻¹¹, సంతృప్త ద్రావణం పీహెచ్ ఎంత?

సార్ చెప్పినట్టు ముందు బీకర్ వంక చూశాను. ఉత్త నీళ్ళు, ఇంకేం వెయ్యలేదు. కాబట్టి హైడ్రాక్సైడ్ లవణం నుంచే వస్తుంది, 2ఎస్ రాయొచ్చు. నీళ్ళది 10⁻⁷ ఉంది కానీ ముందు చేసి తరవాత చూద్దాం అనుకున్నా. 4ఎస్³ = 1.8 × 10⁻¹¹, ఎస్³ = 4.5 × 10⁻¹², ఎస్ = 1.65 × 10⁻⁴. హైడ్రాక్సైడ్ 3.3 × 10⁻⁴. 10⁻⁷ కన్నా మూడు వేల రెట్లు ఎక్కువ, నీళ్ళది వదలొచ్చు, వెనక్కి తిరిగి చూశాను కూడా! లాగ్ వేస్తే 3.48. పీహెచ్ 3.48.

పాత_పిప్పెట్టు

వదలొచ్చో లేదో చూసుకున్నావు చూడు, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. లెక్కంతా కరెక్టు. కానీ ఆఖరి లైను ఇంకోసారి చదువు. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అంటే ఏంటో తెలుసా, అసిడిటీకి మందుల షాపులో ఇచ్చే తెల్లటి సిరప్ ఉంటుంది కదా, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, అదే. దాని పీహెచ్ 3.48 అయితే పుల్ల మజ్జిగకన్నా పులుపు. కడుపులో మంటకి ఇంకాస్త నిమ్మరసం పోసినట్టు.

బైపీసీ_చివరిబెంచి

అయ్యో అది పీఓహెచ్, హైడ్రాక్సైడ్ లాగ్! 14 లోంచి తీసేయలేదు. 10.52. అమ్మ అదే సిరప్ ఫ్రిజ్ మీద పెట్టింది సార్, ఇప్పుడే చూశా, సీసా మీద షేక్ వెల్ అని ఉంది. అడుగున తెల్లగా పేరుకుని ఉంది, కరగంది అదే కదా?

పాత_పిప్పెట్టు

అదే. ఊపకుండా పైన తేట ఒక్కటే తాగితే నీ 1.65 × 10⁻⁴ మోలారే కడుపులోకి వెళ్తుంది. ఊపి పొయ్యమను.